ఇక్రిశాట్ కంది గింజలకు ఎంటీఏ: సంతకం ఎవరిది? షరతులు మార్చొచ్చా?

నల్లగొండ స్కాలర్: బోటనీల పీహెచ్‌డీ చేస్తున్న. బెట్టను తట్టుకునే కంది రకాల మీద పని. పటాన్‌చెరు ఇక్రిశాట్ జీన్‌బ్యాంకు (విత్తనాల నిధి) నుంచి 30 అక్సెషన్లు (నంబరు వేసి దాచిన గింజల నమూనాలు) కావాలె. వాటితో ఎస్ఎంటీఏ అనే ఒప్పందం వస్తదట (ఎంటీఏ అంటే మెటీరియల్ ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్, ఇది దాని ప్రామాణిక నమూనా). గైడ్ సంతకం సరిపోతదా? అండ్ల ‘వివాదాలు నల్లగొండ కోర్టు పరిధిలో’ అని చేర్చుకోవచ్చా? తర్వాత అమెరికా నుంచి ఒక ప్లాస్మిడ్ (జీన్లను మోసే గుండ్రటి డీఎన్ఏ) కూడా తెప్పించాలె. తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

గింజల బ్రీడర్: కోర్టు ముచ్చట ముందే వదిలేయండి. ఎస్ఎంటీఏలో ఒక్క అక్షరం కూడా మారదు. అది ఇక్రిశాట్ సొంతంగా రాసుకున్న కాగితం కాదు. మొక్కల జన్యు వనరుల అంతర్జాతీయ ఒప్పందం కింద 2006లో సభ్య దేశాలు ఖాయం చేసిన నమూనా. తగాదా వస్తే ముందు మాట్లాడుకోవాలి, తెగకుంటే మధ్యవర్తి, అదీ కాకుంటే ఆర్బిట్రేషన్. లీగల్ సెక్షన్‌కు ఫైలు పెట్టేటప్పుడే నోట్‌లో ‘ఇది మార్పులకు వీల్లేని పత్రం, ఆమోదమా కాదా అన్నది మాత్రమే చెప్పగలరు’ అని రాయించండి. ఆ ఒక్క లైను లేకుంటే ఎర్ర సిరా దిద్దుబాట్లతో తిరిగొస్తుంది, కథ మళ్లీ మొదటికి.

ఇక సంతకం. గింజలు తీసుకునేది యూనివర్సిటీ. శాఖకు చట్టపరంగా వేరే ఉనికి లేదు కాబట్టి ‘స్వీకర్త’ అన్న చోట శాఖ పేరో గైడ్ పేరో రాస్తే చెల్లదు. రిజిస్ట్రార్ గానీ, ఆయన లిఖితపూర్వకంగా అధికారమిచ్చిన వారు గానీ పెట్టాలి. గైడ్ పేరు పని చూసే శాస్త్రవేత్తగా ఉంటే చాలు. ఎస్ఎంటీఏను ఒప్పుకోవడానికి మూడు దారులున్నాయి: సంతకం, ఆన్‌లైన్‌లో క్లిక్, గింజల ప్యాకెట్ తీసుకొని వాడటం. చివరి రెండింటితోనే చిక్కు. స్కాలర్ ఓ క్లిక్ కొడితే రిజిస్ట్రార్‌కు తెలియకుండానే సంస్థ మెడకు షరతులు పడతాయి. ముందు ఫైలు నడిపి, ఆ తర్వాతే క్లిక్ కొట్టండి.

మీ సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) కూడా ఒకసారి తిరగేయండి. ఈ గింజలు ఆహారం, వ్యవసాయం కోసం చేసే పరిశోధన, బ్రీడింగ్, శిక్షణకే. ‘కంది ఆకు రసంలో ఔషధ గుణాలు’ అనే అధ్యాయం ఉంటే దానికి ఈ గింజలు వాడొద్దు. పేపర్లు వేసుకోవచ్చు. వచ్చిన గింజ మీద, వచ్చిన రూపంలో, హక్కు మాత్రం అడగరాదు. పక్క ల్యాబ్ దోస్తుకు గుప్పెడు ఇచ్చినా కొత్త ఎస్ఎంటీఏ రాసే ఇవ్వాలి.

ఆముదం చెలక: ఆముదం, వేరుశనగ మీద పని చేసే పాలమూరు వైపు వాళ్లకు ఒక మాట. ఆ అంతర్జాతీయ ఒప్పందం అనుబంధంలోని పంటల జాబితాలో కంది, జొన్న, సజ్జ, రాగి, శనగ, వరి ఉన్నాయి. ఆముదం, వేరుశనగ లేవు. అయినా ఇక్రిశాట్ ఇచ్చే వేరుశనగకు ఎస్ఎంటీఏనే వస్తుంది, ఎందుకంటే అనుబంధంలో లేని పంటలకూ ఇక్రిశాట్ లాంటి అంతర్జాతీయ సంస్థలు అదే నమూనా వాడాలని 2007లో తీర్మానించారు. ఆముదం లైన్లు రాజేంద్రనగర్ నూనెగింజల పరిశోధన సంస్థ నుంచి అడిగితే ఎంటీఏ ఫారం వాళ్ల దగ్గరే తీసుకోవాలి. గైడ్ ఇండెంటు, సంస్థ అధిపతి ఫార్వర్డింగ్ లెటర్ లేకుండా వట్టి ఈమెయిల్ పంపితే పని కాదు.

కంది స్కాలర్‌కు: జీన్‌బ్యాంకు ఇచ్చేది నమూనా మాత్రమే, ట్రయల్‌కు చాలదు. మొదటి వానాకాలం పెంచుకోవడానికే పోతుంది, ఫీల్డ్ ట్రయల్ మరుసటి ఏడు. ఇదే లెక్కతో రీసెర్చ్ కమిటీకి చెప్పండి. కందిలో తేనెటీగల వల్ల పరపరాగ సంపర్కం బాగానే జరుగుతుంది. పూత రాకముందే మొక్కకు నెట్ కట్టకపోతే 30 అక్సెషన్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అక్సెషన్ నంబరు చీటీ సంచి పైన ఒకటి, లోపల ఇంకొకటి, రెండూ పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా వానకు పోతుంది. మీరు పెంచిన గింజకూ అవే షరతులు.

నల్లగొండ స్కాలర్: మస్తు క్లియర్ అయింది సార్. మరి ప్లాస్మిడ్?

ల్యాబ్ పద్దు: అడ్‌జీన్ (ప్లాస్మిడ్లు పంచే అమెరికా సంస్థ) నుంచే కదా? అది వేరే కాగితం. 1995లో అమెరికాలో తయారైన యూబీఎంటీఏ అనే ఉమ్మడి నమూనా మీద నడుస్తుంది. ఆర్డర్ మీరు పెడతారు, ఎంటీఏ ఆమోదం మాత్రం సంస్థ అధీకృత అధికారి ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. అక్కడ గైడ్ మెయిల్ ఇవ్వడమే అందరూ చేసే తప్పు, ఆర్డర్ అక్కడే ఆగిపోతుంది.

ఇందులో చదవాల్సింది నిర్వచనాలు. ప్లాస్మిడ్, దాని నకళ్లు ఇచ్చినవాళ్లవే. మీరు అందులో కొత్త జీన్ చేర్చి కట్టింది మీది, కానీ దాంట్లో మిగిలిన పాత భాగం వాళ్లదే. వేరే కంపెనీలు సొంత ఎంటీఏ పంపితే, మీరు కనిపెట్టినదంతా వాళ్లకే చెందుతుందన్న షరతు ఉందేమో చూడండి. ఉంటే కొట్టేయమనండి, ఇక్కడ బేరం ఆడొచ్చు. పేపర్ ముందుగా చూపించమని 30 రోజులు అడిగితే ఒప్పుకోవచ్చు. ‘మా అనుమతి లేకుండా ప్రచురించొద్దు’ అంటే మాత్రం థీసిస్ వాళ్ల చేతిలో పెట్టినట్టే, ఒప్పుకోవద్దు.

ఆర్డర్ కంటే ముందే ఐబీఎస్సీ (సంస్థ బయోసేఫ్టీ కమిటీ) మినిట్స్‌లో ప్లాస్మిడ్ పేరు, హోస్ట్ స్ట్రెయిన్ (దాన్ని మోసే బ్యాక్టీరియా రకం) ఎక్కించండి. ఆ కమిటీ లెటర్, పరిశోధనకే వాడతామన్న గైడ్ లెటర్ కొరియర్ వాళ్లకు ముందే పంపండి. అవి లేకుంటే శంషాబాద్ కార్గోలో పడి ఉంటుంది. ప్లాస్మిడ్ అగార్‌లో (జెల్లీ లాంటి పదార్థం) పెరిగే బ్యాక్టీరియాగా వస్తుంది. వచ్చిన రోజే సరైన యాంటీబయాటిక్ ప్లేటు మీద గీసి, ఒక్క కాలనీ తీసి పెంచి, అందులోని ప్లాస్మిడ్‌ను ఎంజైమ్‌తో కోసి (డైజెస్ట్ చేసి) సరైనదేనా చూసుకోండి. ఆ తర్వాతే గ్లిసరాల్ స్టాక్ (గ్లిసరాల్‌లో దాచే బ్యాక్టీరియా నిల్వ) మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి.

నల్లగొండ స్కాలర్: ఆఖరుది. అక్సెషన్ల జాబితా తర్వాత మార్చొచ్చా?

గింజల బ్రీడర్: వాళ్లు గింజలు తీసే ముందైతే మెయిల్‌లో చెప్పొచ్చు. తీశాక ఆ జాబితానే ఒప్పందానికి జతవుతుంది, కొత్తవి కావాలంటే మళ్లీ ఇంకో ఎస్ఎంటీఏ. జూన్‌లో విత్తాలంటే జనవరిలోనే ఫైలు పెట్టండి.