రాజ్ రెడ్డి గారికి ట్యూరింగ్ అవార్డు ఏ పనికి వచ్చింది? ల్యాబ్‌లో చేయించగలమా?

సీఎస్ఈ లెక్చరర్, నంద్యాల
మూడో సంవత్సరం ఏఐ పేపర్‌లో రాజ్ రెడ్డి గారి పని మీద ఒక గంట చెప్పాలి. తెలుగులో ఎక్కడ చూసినా చిత్తూరు జిల్లా కాటూరు, 1994లో ట్యూరింగ్ (కంప్యూటర్ సైన్సులో అతి పెద్ద అవార్డు), 2001లో పద్మభూషణ్... అక్కడితో సరి. పరిశోధనలో ఏం చేశారు? పిల్లల చేత కోడ్ రాయించే ముక్క ఏదైనా ఉందా?

మాటల_యంత్రం
చెన్నై గిండీ కాలేజీలో సివిల్ ఇంజినీరింగ్, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో ఏఐ మార్గదర్శి జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ, 1969 నుంచి అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ. ఇవి ఒక స్లైడ్‌లో తేల్చేయండి.

అసలు కథ 1971–76 నాటి డార్పా (అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ) ప్రాజెక్టు: మనిషి మాటను కంప్యూటర్ గుర్తుపట్టడం, అంటే స్పీచ్ రికగ్నిషన్. లక్ష్యం: 1000 మాటల పదజాలం, ఆపకుండా మాట్లాడే వాక్యాలు, తప్పులు 10 శాతం లోపు. ఆయన బృందం ఒకే సమస్యను వేర్వేరు దారుల్లో పట్టింది. హియర్‌సే-2 అనే వ్యవస్థలో ధ్వని, పదం, వ్యాకరణం తెలిసిన మాడ్యూళ్లు విడివిడిగా ఉండి, ఒకే ‘బ్లాక్‌బోర్డు’ మీద ఊహలు రాసుకుంటూ సరిదిద్దుకుంటాయి. హార్పీ అనే ఇంకో వ్యవస్థలో అలా కాదు, పదాలూ వ్యాకరణమూ అన్నీ ముందే ఒక పెద్ద నెట్‌వర్క్‌గా కంపైల్ అయిపోతాయి. 1011 మాటలకు దాదాపు 15,000 స్థితులు (నెట్‌వర్క్‌లోని బిందువులు). లక్ష్యాన్ని బాగా అందుకున్నది హార్పీయే. దాని ఇబ్బంది కూడా అక్కడే ఉంది: పదజాలం మార్చాలంటే నెట్‌వర్క్ మళ్లీ కంపైల్ చేయాలి.

ల్యాబ్‌కు హార్పీ వాడిన బీమ్ సెర్చ్ పెట్టండి, అంటే నెట్‌వర్క్‌లో అన్ని దారులూ కాకుండా మంచి స్కోరున్న కొన్నిటినే ముందుకు తీసుకెళ్లే వెతుకులాట.

బీమ్_వెడల్పు
ఆడియో జోలికి పోకండి, మైకుల గొడవతోనే గంట అయిపోతుంది. ‘ఒకటి’ నుంచి ‘పది’ వరకు ధ్వనుల నెట్‌వర్క్ గీయించి, ఏ ధ్వని ఏ ధ్వనిలా వినిపించవచ్చో చేత్తో ఒక పట్టిక రాయించండి. డ, ద మధ్య సంభావ్యత కాస్త ఎక్కువ ఇస్తే ‘ఏడు’, ‘ఐదు’ దగ్గర మజా వస్తుంది.

పిల్లలు సాధారణంగా తప్పేవి ఇవి. సంభావ్యతలను గుణిస్తూ పోతారు; 0.01 చొప్పున 200 ఫ్రేములు (ధ్వనిని కోసిన చిన్న చిన్న ముక్కలు) గుణిస్తే 10 కి మైనస్ 400 ఘాతం, డబుల్‌లో (ప్రోగ్రాములో దశాంశ సంఖ్యల రకం) అది సున్నా. లాగ్‌లు కూడించాలి. పట్టికలో సున్నా ఉంటే లాగ్ మైనస్ అనంతం, అందుకే కనీసం 0.001 పెట్టించండి. ప్రతి స్థితికీ తన మీదికే ఒక బాణం ఉండాలి, లేకపోతే ‘మూఊఊడు’ అని సాగదీస్తే దారి దొరకదు. ‘రెండు’, ‘మూడు’, ‘ఏడు’ చివరి ‘డు’ను కలిపేస్తే స్థితులు తగ్గుతాయి. కానీ ఎక్కడి నుంచి వచ్చామో గుర్తుపెట్టే పాయింటర్ లేకపోతే చివరికి ఏ అంకె అన్నారో చెప్పలేం.

సీఎస్ఈ లెక్చరర్, నంద్యాల
బీమ్ అంటే ప్రతి ఫ్రేములో పైనున్న ఐదు దారులు ఉంచుకుంటే చాలా?

బీమ్_వెడల్పు
అలా కూడా నడుస్తుంది. హార్పీ మాత్రం ఇన్నే దారులని సంఖ్య పెట్టుకోలేదు. అన్నిటికన్నా మంచి దారి స్కోరు నుంచి ఒక హద్దు దాటి వెనకబడ్డవాటిని వదిలేసింది. అనుమానం ఉన్నచోట ఎక్కువ దారులు మిగులుతాయి, స్పష్టంగా ఉన్నచోట తక్కువ. మీ హద్దును లాగ్ స్కోరులో 2 నుంచి 20 దాకా మార్చి చూపించండి. 2 దగ్గర మొదటి ధ్వని తప్పు వినిపిస్తే సరైన దారి అప్పుడే తెగిపోతుంది, వెనక్కి వెళ్లే వీలుండదు.

మాటల_యంత్రం
ఇంకొకటి. హార్పీ బ్రూస్ లోవెర్ 1976 థీసిస్. దానికి ముందటి డ్రాగన్ అనే స్పీచ్ వ్యవస్థ జేమ్స్ బేకర్‌ది, 1988 నాటి స్ఫింక్స్ కై-ఫు లీది. ఇవన్నీ రాజ్ రెడ్డి గారి విద్యార్థుల పనులు. ట్యూరింగ్ అవార్డు మరో ఏఐ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి, భారీ ఏఐ వ్యవస్థలను కట్టి చూపినందుకు ఇచ్చారు. ‘స్పీచ్ రికగ్నిషన్ కనిపెట్టారు’ అని మాత్రం స్లైడ్‌లో రాయకండి.