ఏడో తరగతి పాపని 23 నుంచి బడికి పంపాలా వద్దా? తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి

కొర్లగుంట అమ్మ
2020 నవంబర్ 7

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. బాబు పదో తరగతి, గవర్నమెంట్ హైస్కూలు. పాప ఏడు, ప్రైవేటు. కరోనాతో మూసిన బళ్లు 2వ తేదీ నుంచి 9, 10 తరగతులకు తెరిచారు కదా, పదోతరగతి కాబట్టి తప్పదని బాబుని పంపిస్తున్నాం. ఇప్పుడు 23 నుంచి 6, 7, 8 కూడా అంటున్నారు, చిన్న తరగతులు డిసెంబర్ 14 నుంచట. పాప స్కూలు వాళ్లు అంగీకార పత్రం వాట్సాప్‌లో పంపి, దీపావళి లోపల సంతకం పెట్టి ఇమ్మన్నారు. అందులో "విద్యార్థికి ఏమైనా జరిగితే యాజమాన్యానికి ఎలాంటి బాధ్యత లేదు" అని ఒక లైను ఉంది. అది చదివినప్పటి నుంచి సంతకం పెట్టడానికి చెయ్యి రావడం లేదు.

ఇంట్లో మా అత్తగారు ఉంటారు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. పాప పుట్టినప్పటి నుంచి అవ్వ పక్కనే పడుకుంటుంది, వేరే గదిలో పడుకోమంటే ఇద్దరూ ఒప్పుకోరు. జూలైలో కేసులు పెరిగి తిరుపతిలో మళ్లీ లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా వీధిలో జరిగినవన్నీ చూశాం, ఆ భయం ఇంకా పోలేదు. అలాగని ఇంట్లోనే ఉంచుదామంటే ఫోన్లో క్లాసులు ఏమీ ఎక్కడం లేదు, కెమెరా ఆపేసి ఇంకేదో చూస్తోంది, పోయినేడు చకచకా చేసిన భిన్నాల లెక్కలు ఇప్పుడు ఇస్తే బిక్కమొహం వేస్తోంది. అన్నిటికంటే, మాట్లాడటం తగ్గిపోయింది.

రాష్ట్రం మొత్తం మీద మూడు రోజుల్లో 262 మంది పిల్లలకు, 160 మంది టీచర్లకు పాజిటివ్ వచ్చిందని పేపర్లో వేశారు. మూడు రోజులకే అంత అయితే నెలకెంత? గోవిందుడి మీద భారం వేసి పంపు అంటారు మా వాళ్లు. మొక్కుకుంటాను సరే, నేను చేయాల్సింది, స్కూల్లో అడగాల్సింది ఏంటో కూడా తెలియాలి కదా. బడుల్లో పనిచేసేవాళ్లు, పిల్లల్ని పంపిస్తున్నవాళ్లు ఉంటే కళ్లతో చూసింది చెప్పండి.

—

చంద్రగిరి సోషల్ సారు

అమ్మా, నేను గవర్నమెంట్ హైస్కూల్లో పనిచేస్తాను, 2వ తేదీ నుంచి రోజూ పోతున్నాను. చూసింది చెప్తాను. గదికి పదహారు మంది లోపే, బెంచీకి ఒకరు. ఒంటిపూట బడి, మధ్యాహ్నం అన్నం పెట్టి ఇంటికి పంపిస్తున్నాం. వచ్చేవాళ్లు సగం కంటే తక్కువే కాబట్టి ఇప్పటికైతే దూరం పాటించడం కుదురుతోంది. అసలు పరీక్ష 23 తర్వాత, మిగతా తరగతులు కూడా వచ్చినప్పుడు. గదులు అవే, టీచర్లు వాళ్లే. రోజు మార్చి రోజు పెడితేనే సరిపోతుంది, కాబట్టి మీ పాప స్కూల్లో మొదట అడగాల్సింది అదే: రోజూ రమ్మంటున్నారా, రోజు మార్చి రోజా, గదికి ఎంతమంది?

గేటు దగ్గర నుదుటికి పెట్టే థర్మామీటర్ చూసి చాలామంది తల్లిదండ్రులు ధైర్యంగా వెళ్లిపోతున్నారు. ఎండలో నడిచొచ్చిన పిల్లాడికి లేని జ్వరం చూపిస్తుంది, నీడలో రెండు నిమిషాలు నిలబెట్టి మళ్లీ చూస్తే మామూలుగా ఉంటుంది. నిజంగా సోకిన పిల్లల్లో చాలామందికి జ్వరమే ఉండదు. అది ఉండాలి, కాదనను, కానీ దాన్ని నమ్ముకుని మిగతావి వదిలేయకూడదు.

నన్నడిగితే రెండు చోట్ల చూడండి. ఒకటి కిటికీలు. మనకి ఇది ఈశాన్య రుతుపవనాల కాలం, జల్లు కొడుతుందని వర్షం రాగానే పిల్లలే పోయి కిటికీలు మూసేస్తారు. మూసిన గదిలో ముప్పావు గంట పాఠం, నేను గట్టిగా మాట్లాడాలి, వాళ్లు గట్టిగా జవాబు చెప్పాలి. జల్లు పడేవైపు మూసినా రెండోవైపు కిటికీలూ తలుపులూ తెరిచే ఉంచాలని మా దగ్గర పిల్లలకే చెప్పాం, ఇప్పుడు వాళ్లే గుర్తుపెట్టుకుని తెరుస్తున్నారు. ప్రైవేటులో కొన్ని గదులకు అసలు కిటికీలే ఉండవు, అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగుల్లో నడుపుతారు. మీరే పోయి పాప కూర్చునే గది చూడండి, ఆఫీసు రూములో కూర్చోబెట్టి మాట్లాడి పంపిస్తే ఒప్పుకోవద్దు.

రెండోది భోజనం. పొద్దున్నుంచి మాస్కు పెట్టుకున్న పిల్లలు అన్నం టైముకి ఒక్కసారిగా తీసేస్తారు. మొన్న మంగళవారం పులిహోర, గుడ్డు. కొళాయిల దగ్గర చేతులు కడుక్కోవడానికి అందరూ ఒకేసారి పోయి, నెలల తర్వాత కలిసిన స్నేహితులు కదా, భుజాల మీద చేతులేసుకుని మాట్లాడుకుంటూ నిలబడ్డారు. వాళ్లని తిట్టబుద్ధి కాలేదు. మర్నాటి నుంచి తరగతి తరగతికి పావుగంట తేడాతో వదిలి, వరండాలో, వేపచెట్టు కింద ఎదురెదురుగా కాకుండా ఒకే దిక్కుకి తిరిగి దూరం దూరంగా కూర్చోబెట్టాం. ఒంటిపూటే కాబట్టి, మీ పాపది ప్రైవేటు కాబట్టి, వీలైతే అన్నం ఇంటికొచ్చి తినేలా చూసుకోండి.

—

ల్యాబ్‌లో పనిచేసే అక్క

ఆ 262 సంగతి నేను చెప్తానమ్మా, అది చూసి అందరూ టెన్షన్ పడుతున్నారు. వైరస్ ఒంట్లోకి పోయాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా ఐదు రోజులు, కొందరికి రెండే రోజులు, కొందరికి పద్నాలుగు రోజుల దాకా పడుతుంది. సోకిన రోజే టెస్టులో కూడా కనబడదు. 2న బడి తెరిచి 4వ తేదీకల్లా లెక్క తేలిందంటే అందులో ఎక్కువమందికి బడికి రాకముందే, ఇంట్లోనో పెళ్లిళ్లలోనో అంటుకుని ఉండాలి. పైగా టీచర్లకు బడులు తెరవకముందు నుంచే టెస్టులు చేస్తున్నారు. బడికి వచ్చిన పిల్లలు దాదాపు 4 లక్షలు, టీచర్లు 99 వేల పైన. ఆ లెక్కన 262 అంటే వెయ్యికి ఒకరు కూడా కాదు. కానీ పిల్లలందరికీ టెస్టు చేయలేదు కాబట్టి 'అంతే' అని కూడా అనలేం. బడి వల్ల పెరుగుతుందా లేదా అన్నది రాబోయే రెండు మూడు వారాల్లో తెలుస్తుంది. మీకు 23 దాకా టైముంది కదా, తొందరపడి సంతకం పెట్టకుండా అది చూడండి.

అదే లెక్కలో ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. బడికి వచ్చినవాళ్లలో పాజిటివ్‌ల వంతు చూస్తే పిల్లల కంటే టీచర్లకే ఎక్కువ. సారూ, మీ స్టాఫ్ రూము జాగ్రత్త. క్లాసులో మాస్కు పెట్టుకుని, స్టాఫ్ రూములో అందరూ క్యారియర్లు విప్పుకుని ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు.

మీ ఇంటి విషయానికొస్తే, అమ్మా, నా భయమంతా మీ అత్తగారి గురించే. మీ పాపకి వస్తే రెండు రోజులు ఒళ్లు వెచ్చబడి తగ్గిపోవచ్చు, అసలు తెలియకపోవచ్చు కూడా. షుగర్ ఉన్న పెద్దావిడకి అలా కాదు. లక్షణాలు రావడానికి రెండు రోజుల ముందు నుంచే ఇంకొకరికి అంటుతుంది కాబట్టి 'జ్వరమొస్తే అప్పుడు వేరే పడుకోబెడతాం' అంటే లాభం లేదు. పంపాలనుకుంటే బడి మొదలయ్యే రోజు నుంచే పక్కలు వేరు చేయండి. ఆ మాటకొస్తే బాబు ఇప్పటికే పోతున్నాడు కదా, ఇవాళ్టి నుంచే చేయండి. అవ్వకి పాప దూరమైందని బాధ ఉంటుంది, అందుకని సాయంత్రం పూట ఇద్దరూ మాస్కులు పెట్టుకుని మిద్దె మీద కూర్చుని కబుర్లు చెప్పుకోమనండి, ఆరుబయట భయం చాలా తక్కువ. ఆవిడ షుగర్ అదుపులో ఉందో లేదో ఒకసారి చూపించండి. వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ ఒకటి ఇంట్లో పెట్టుకోండి, 94 కంటే తగ్గితే ఆలోచించకుండా 104కి ఫోన్ చేయండి లేదా రుయా ఆసుపత్రికో స్విమ్స్ ఆసుపత్రికో తీసుకుపోండి.

—

భవానీనగర్

ఇంత తిప్పలు ఎందుకు? ఒక సంవత్సరం చదువు పోతే ఏమవుతుంది, ప్రాణం పోతే వస్తుందా? రాష్ట్రంలో కేసులు 8 లక్షలు దాటాయి. నేనైతే వ్యాక్సిన్ వచ్చేదాకా పంపను.

—

పాకాల నాన్న

భవానీనగర్ అన్నా, మీరన్నది తప్పు అనను, మీ పిల్లలకు ఇంట్లో ఫోను, నెట్టు, చెప్పేవాళ్లు ఉండొచ్చు. మా పల్లెలో పరిస్థితి చెప్తాను వినండి. మా ఇంట్లో ఒకటే ఫోను, అది నాతో తోటకి వస్తుంది. టీవీలో సప్తగిరి ఛానెల్లో పాఠాలు వస్తాయి, కరెంటు ఉంటే చూస్తారు, అర్థం కాకపోతే అడగడానికి మనిషి లేడు. మా పాప ఎనిమిదో తరగతి. దాంతో చదివే పిల్లల్లో కొందరు ఇప్పటికే టమోటా కోతలకి కూలికి పోతున్నారు, రోజూ చేతిలో డబ్బు పడుతుంటే వాళ్ల ఇంట్లోవాళ్లు మళ్లీ బడికి పంపుతారా అని నాకు అనుమానం. ఆడపిల్లలున్న ఇళ్లలో 'బడి ఎట్టా లేదు కదా' అని సంబంధాలు చూడటం మొదలుపెట్టారు. పద్నాలుగేళ్ల పిల్లకి! బడి ఉన్నప్పుడు టీచరమ్మ ఇంటికొచ్చి అడిగేది, పిల్ల ఎందుకు రాలేదని. ఇప్పుడు అడిగేవాళ్లు లేరు. వీళ్లకి పోయేది ఒక సంవత్సరం కాదన్నా, చదువే పోతుంది.

మాకు బడిలో అన్నం కూడా లెక్కే. సెలవుల్లో బియ్యం, గుడ్లు, చిక్కీ ఇంటికే ఇచ్చారు, నిజమే, కానీ ఇంటికొచ్చిన గుడ్డు పిల్ల ఒక్కదానికే పోదు, ఇంట్లో అందరూ పంచుకుంటారు.

అందుకే నేను బడి తెరవమనే అంటాను. జాగ్రత్తగా తెరవండి, కేసు వస్తే ఆ గది రెండు వారాలు మూయండి, మళ్లీ తెరవండి. మొత్తం మూసేయడం మాత్రం వద్దు.

—

చిత్తూరు టీచరమ్మ

నేను ప్రైవేటు స్కూల్లో చెప్తాను, పేరు వద్దు. మార్చి తర్వాత మాకు జీతం సగం కూడా రాలేదు, నాతో పనిచేసిన వాళ్లు కొందరు బట్టల షాపుల్లో చేరారు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ పాప స్కూల్లో కూడా టీచర్లు తగ్గి ఉండొచ్చు, ఉన్నవాళ్ల మీదే అన్ని తరగతులూ పడితే రెండు సెక్షన్లు కలిపి ఒకే గదిలో కూర్చోబెట్టే ప్రమాదం ఉంది. అది తప్పకుండా అడగండి. ఇంకోటి, ఒంట్లో బాగాలేకపోతే సెలవు పెట్టినా జీతం కోయరని టీచర్లకు మాట ఇచ్చారా అని కూడా అడగండి. కోస్తారంటే దగ్గు వస్తున్నా మాత్ర వేసుకుని క్లాసుకి వచ్చేస్తారు, వాళ్లని తప్పు పట్టలేం.

ఆ కాగితం గురించి. పిల్లల్ని పంపడానికి తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం ఉండాలని, హాజరుకి బలవంతం చేయకూడదని కేంద్రం అక్టోబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది. అంగీకారం అంటే 'పంపడానికి మాకు ఇష్టమే' అని చెప్పడం వరకే. జాగ్రత్తలు తీసుకోవాల్సిన బాధ్యత స్కూలుదే. మీరు ఆ లైను కొట్టేసి, దాని కింద 'గదికి ఇంతమంది, బెంచీకి ఒకరు, తరగతిలో ఎవరికైనా పాజిటివ్ వస్తే అదే రోజు తల్లిదండ్రులకు చెప్తారు అన్న షరతుతో పంపుతున్నాం' అని రాసి సంతకం పెట్టండి, ఫోటో తీసి దాచుకోండి. ఒక్కరే చేస్తే భయపెడతారు, అదే తరగతి తల్లులు పదిమంది కలిసి చేస్తే వింటారు. ఫీజు కడితేనే రానిస్తాం అంటే, ఈ ఏడు ట్యూషన్ ఫీజు 30 శాతం తగ్గించమని అక్టోబర్ 30న జీవో వచ్చింది, ఆ మాట కూడా చెప్పండి.

నా మట్టుకు నేను చూసేది ఒకటే. ఎవరికైనా పాజిటివ్ వస్తే పేరు చెప్పకుండా, ఫలానా తరగతి అని వెంటనే మెసేజ్ పెట్టే స్కూలుకి పంపుతాను. 'మా దగ్గర ఒక్క కేసు కూడా లేదు' అని గొప్పగా చెప్పుకునే చోటే నాకు అనుమానం. అడ్మిషన్లు పోతాయని దాచేస్తే పక్క బెంచీ పిల్లల ఇళ్లలో పెద్దవాళ్ల గతి ఏంటి?

—

భవానీనగర్

పాకాల అన్నా, మీరు చెప్పింది చదివాక నాకు నోట మాట రాలేదు. మా ఇంటి వరకు నా నిర్ణయం నాదే, కానీ బళ్లే తెరవకూడదు అని ఇక అనను. ఆ పద్నాలుగేళ్ల పాప విషయం ఊరుకోవద్దన్నా, 1098కి ఫోన్ చేయండి, చైల్డ్ లైన్ వాళ్లు, ఎవరు చెప్పారో బయటపెట్టరు.

—

కొర్లగుంట అమ్మ

అందరికీ దండాలు. మా ఆయనకి మొత్తం చదివి వినిపించాను. రాత్రే అత్తగారికి ముందుగదిలో మంచం వేశాం, పాప ఏడ్చింది, అవ్వే సర్దిచెప్పింది. సోమవారం స్కూలుకి పోయి గది, కిటికీలు చూసి, సెక్షన్లు కలుపుతారేమో అడుగుతాను. కాగితం మీద ఆ లైను మాత్రం కొట్టేస్తాను, పాప క్లాసు తల్లుల గ్రూపులో పెడితే అప్పుడే ఆరుగురు మేమూ వస్తాం అన్నారు. గది బాగుంటే, రోజు మార్చి రోజు అయితే పంపుతాను. లేదంటే సంక్రాంతి దాకా ఆగుతాం, లెక్కలకి మాత్రం మిద్దె మీద ఎవరితోనైనా చెప్పిస్తాం.

ఒక్క ఆటో విషయమే తేలలేదు. పోయినేడు పాప పోయే ఆటోలో డ్రైవర్ పక్కన కూడా ఇద్దరు పిల్లలు కూర్చునేవాళ్లు, అలా అయితే గదిలో ఎంత దూరం కూర్చోబెట్టినా ఏం లాభం. నలుగురికి మించకుండా, రెండువైపులా టార్పాలిన్ ఎత్తి కట్టి తీసుకుపోవాలంటే ఆయనకి గిట్టదు, మనిషికి ఎక్కువ ఇవ్వాలి, అది న్యాయమే. కొర్లగుంట నుంచి ఎమ్మార్‌పల్లి వైపు పిల్లల్ని పంపేవాళ్లు ముగ్గురు దొరికితే కలిసి మాట్లాడుకుందాం, ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి.