కాళ్లు తడబడుతుంటే మెడకు ఎమ్మారై ఎందుకు రాశారు?

ప్రశ్న (ఆదోని):
మా నాయన మార్కెట్ యార్డులో హమాలీ. ఇన్నేళ్లూ పత్తి బస్తాలు మోశాడు. ఈమధ్య నడుస్తూ నడుస్తూ చెప్పు ఊడిపోయినా ఆయనకు తెలియడం లేదు. పగలు బాగానే ఉంటాడు, కరెంటు పోతే గోడ పట్టుకోవాల్సిందే. కొళాయి దగ్గర ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూస్తే చాలు, ముందుకు తూలుతాడు. చొక్కా గుండీలు అమ్మే పెడుతోంది. బలం మాత్రం తగ్గలేదు, ఇప్పటికీ నీళ్ల బిందె ఎత్తి పెడతాడు. డాక్టరు కళ్లు మూయించి, కాలి బొటనవేలిని పైకీ కిందికీ కదిపి ఎటు కదిలిందని అడిగితే తప్పు చెప్పాడు. వెంటనే మెడకు ఎమ్మారై రాశారు. మెడనొప్పి అసలు లేదు. ఇదేమన్నా డబ్బు గుంజే యవ్వారమా?

జవాబు (ఫిజియోథెరపిస్టు, కర్నూలు):
కాదన్నా, రాయాల్సిందే రాశారు. చూడకుండానే కీలు ఎటు వంగిందో తెలిపే నరాల దారి వెన్నుపాము వెనక భాగంలో ఉంటుంది. కాలి సంగతి మెదడుకు చేరాలన్నా మెడ దాటాలి కదా. వయసుతో పూసల మధ్య మెత్తలాంటి డిస్కులు ఉబ్బి, ఎముక పెరిగి, పూసల్ని కట్టి ఉంచే లిగమెంటు మందమైతే మెడలో వెన్నుపాము నలుగుతుంది. వెన్నుపాము పోయే సందు మామూలుగా 17 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అది 13 కన్నా తగ్గితే ఇరుకు అంటారు. కళ్లు తెరిచినంతసేపూ చూపు ఆ లోటును కప్పేస్తుంది, అందుకే సబ్బు రాసుకున్నప్పుడు బయటపడుతోంది. నొప్పి లేకుండా కూడా ఇది వస్తుంది. ఇంతకీ వేలిని పక్కల నుంచి పట్టుకున్నారా? పైనా కిందా పట్టుకుంటే ఒత్తిడిని బట్టే ఎటు కదిలిందో చెప్పేయొచ్చు. పక్కల నుంచి పట్టుకున్నా తప్పు చెప్పాడంటే తేలిగ్గా తీసుకోవద్దు.

జవాబు (కడప):
మా అత్తకు ఇట్లాగే ఉంటే బి12 విటమిన్ తక్కువని తేలింది. అది కూడా వెన్నుపాములో ఆ భాగాన్నే దెబ్బతీస్తుంది. షుగర్ కూడా చూపించండి. ఎమ్మారై మానేయమని కాదు. ఇంకోటి, సెలూన్లో మెడ విరిపించుకునే అలవాటుంటే ఈరోజే మాన్పించండి.

ప్రశ్న అడిగినవారు:
పక్కల నుంచే పట్టుకున్నారు. సెలూన్ సంగతి భలే కనిపెట్టారు, ఆదివారం వస్తే అదే పని! ఆపరేషన్ అంటారేమోనని అమ్మకు ఒకటే టెన్షన్. చేయిస్తే మళ్లీ గుండీలు పెట్టుకోగలడా?

ఫిజియోథెరపిస్టు:
ఆపరేషన్ ముఖ్యంగా ఇంకా ముదరకుండా ఆపడానికి. పోయిన పట్టు ఎంత తిరిగొస్తుందన్నది ఎన్నాళ్లుగా నలిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి స్కాన్ వాయిదా వేయకండి. ఈలోగా మూత్రం ఆపుకోలేకపోయినా, నడక ఒక్కసారిగా చెడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రాత్రి బాత్రూం దారిలో లైటు వేసి ఉంచండి. బస్తాలు మాత్రం ఇక మోయనివ్వద్దు.