క్యూఎంకే కీబోర్డుకు స్టెనో లేయర్ పెట్టినవాళ్లు ఉన్నారా? మీ అనుభవాలు చెప్పండి

సబ్‌టైటిల్_సుధ

నమస్తే అండీ. ఇంగ్లీషు లెక్చర్ వీడియోలకు సబ్‌టైటిల్స్ రాయడం నా పని. మామూలు కీబోర్డు మీద ఎంత వేగంగా కొట్టినా మాట్లాడేవాళ్లను అందుకోలేకపోతున్నా. స్టెనో, అంటే కొన్ని కీలు కలిపి ఒకేసారి నొక్కి ఒక మాటనో శబ్దాన్నో రాసే పద్ధతిని, ప్లోవర్ అనే ప్రోగ్రాంతో నేర్చుకోవాలని గట్టిగా అనుకున్నాను. కోర్టు రిపోర్టర్లు వాడే మెషీన్ కొనడం నా వల్ల కాదు. కార్న్ కీబోర్డు ఉంది, 42 కీలు, లోపల ప్రో మైక్రో అనే కంట్రోలర్ బోర్డు. దాని ఫర్మ్‌వేర్ (కీబోర్డు లోపల నడిచే ప్రోగ్రాం) క్యూఎంకే, నేనే కంపైల్ చేసుకుంటాను. దీనికే స్టెనో లేయర్, అంటే అవే కీలకు స్టెనో కోసం ఇంకో అమరిక, కలపొచ్చా? కలిపినవాళ్లకు ఎక్కడ ఇబ్బంది వచ్చింది?

స్ప్లిట్_బోర్డ్

కలపొచ్చు సుధ గారూ. కార్న్ దీనికి బాగా సరిపోతుంది. స్టెనోలో ప్రతి చేతికీ రెండు వరసలే కావాలి. ఎడమ చిటికెన వేలికి ఎస్, తర్వాత టీ-కే, పీ-డబ్ల్యూ, హెచ్-ఆర్ జంటలు, లోపలి నిలువు వరసలో స్టార్. కుడివైపు ఎఫ్-ఆర్, పీ-బీ, ఎల్-జీ, టీ-ఎస్, చివరి నిలువు వరసలో డీ-జెడ్. అచ్చులు నాలుగూ బొటనవేళ్లకు: ఎడమకు ఏ, ఓ, కుడికి ఈ, యూ. మిగిలిన బొటనవేలి కీని నంబర్ బార్‌కి ఇవ్వండి.

కంప్యూటర్‌కి పంపే దారులు రెండు. మొదటిది ఫర్మ్‌వేర్‌లో స్టెనో ఏమీ లేకుండా ఎన్‌కేఆర్‌ఓ (ఎన్ని కీలు ఒకేసారి నొక్కినా అన్నీ పంపే సెట్టింగ్) ఆన్ చేసి, మామూలు అక్షరాలే పంపడం. ఏ అక్షరం ఏ స్టెనో కీయో ప్లోవర్ చూసుకుంటుంది. సులువే, కానీ ప్లోవర్ ఆన్‌లో ఉన్నంతసేపూ మీ కీబోర్డు మొత్తం దాని చేతిలోనే ఉంటుంది, మామూలు టైపింగ్ ఉండదు.

రెండో దారి అసలైన స్టెనో ప్రోటోకాల్, అంటే స్టెనో మెషీన్లు కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి. రూల్స్ ఫైల్‌లో స్టెనో ఎనేబుల్ లైను పెట్టి, ప్రోటోకాల్ జెమినీ పీఆర్ అని రాయండి. అప్పుడు బోర్డు ఒక సీరియల్ పోర్టుగా కూడా కనిపిస్తుంది. స్టెనో లేయర్‌లో కొట్టింది ఆ పోర్టు ద్వారా వెళ్తుంది, మిగతా లేయర్లు ఎప్పటిలాగే కీబోర్డుగా పనిచేస్తాయి. నా ఓటు దీనికే. పనిలో మాటిమాటికీ అటూ ఇటూ మారాలి కదా. టీఎక్స్ బోల్ట్ అనే ప్రోటోకాల్ కూడా ఉంది కానీ అది 24 కీలనే చెప్పగలదు. జెమినీ 6 బైట్లలో 42 కీల సంగతి చెబుతుంది.

ప్రో మైక్రోతో ఒక జాగ్రత్త. అందులోని 32యూ4 చిప్‌కి కంట్రోల్‌ది కాక యూఎస్‌బీ ఎండ్‌పాయింట్లు (డేటా వెళ్లే దారులు) ఆరే. సీరియల్ పోర్టుకే మూడు పోతాయి. కీబోర్డుకు ఒకటి, ఎన్‌కేఆర్‌ఓ, మీడియా కీలకు కలిపి ఒకటి. వయా (మళ్లీ కంపైల్ చేయకుండా కీలు మార్చుకునే యాప్) కూడా కావాలంటే దానికి ఇంకో రెండు. ఏడు అయ్యాయి, కంపైల్ అవ్వదు. అందుకే ఈ చిప్ మీద వయా, స్టెనో కలిసి బతకవు. వయా తీసేయండి, మౌస్ కీలు కూడా ఆపేయండి. మెమరీ కూడా మిగులుతుంది.

డయలౌట్

లినక్స్ వాడేవాళ్ల కోసం. ప్లోవర్‌లో మెషీన్ జెమినీ పీఆర్ అని ఎంచుకుని పోర్టు స్కాన్ చేస్తే కనిపిస్తుంది, కానీ కనెక్ట్ అవ్వదు. పర్మిషన్ సమస్య. మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో చేర్చి (ఆర్చ్‌లో అయితే యూయూసీపీ), లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. చాలామంది ఇక్కడే ఫర్మ్‌వేర్ తప్పనుకుని మళ్లీ మళ్లీ ఫ్లాష్ చేస్తుంటారు. ముందు ప్లోవర్‌లో పేపర్ టేప్ విండో తెరిచి, నొక్కిన స్ట్రోకులు (ఒకేసారి కలిపి నొక్కిన కీలు) అందులో పడుతున్నాయో లేదో చూడండి. పడుతుంటే బోర్డు తప్పేం లేదు.

పిట్మన్_పెన్ను

నేను పెన్నుతో షార్ట్‌హ్యాండ్ రాసే మనిషిని, కోర్టులో ఉద్యోగం. ఈ చర్చ చదివే ఉద్యోగార్థులకు ఒక మాట చెప్పాలి. ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) స్టెనోగ్రాఫర్ స్కిల్ టెస్టులో పది నిమిషాల డిక్టేషన్ ఇస్తారు, గ్రేడ్ సికి నిమిషానికి 100 పదాలు, గ్రేడ్ డికి 80. దానికి కావలసింది పెన్ను, నోట్‌బుక్కు. ప్లోవర్ నేర్చుకుని ఆ పరీక్షకు వెళ్తాననుకోకండి. రెండూ వేరు.

అయితే షార్ట్‌హ్యాండ్ వచ్చినవాళ్లకు ఇది తొందరగా పట్టుబడుతుంది. స్పెల్లింగ్ వదిలేసి వినపడిన శబ్దాన్నే పట్టుకోవడం మాకు అలవాటు. మా మేనల్లుడి బోర్డు మీద చూశాను. డి శబ్దం కోసం టీ, కే కలిపి నొక్కుతాడు, ఎన్ కోసం టీ-పీ-హెచ్. డాగ్ అనే మాట ఒక్క స్ట్రోక్‌లో పడిపోయింది. అమెరికాలో కోర్టు రిపోర్టర్ల ఆర్‌పీఆర్ పరీక్షకు సాక్ష్యం విభాగంలో నిమిషానికి 225 పదాలు అందుకోవాలి. పెన్నుతో ఆ వేగం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఈ పద్ధతి మీద నాకు గౌరవం.

35_గ్రాములు

స్విచ్చుల గురించి ఎవరూ చెప్పలేదు. ఒక్క స్ట్రోక్‌లో పది కీల దాకా నొక్కాల్సి రావచ్చు. 45 గ్రాముల బలంతో దిగే రెడ్ స్విచ్ టైపింగ్‌కి తేలికే, స్టెనోకి గంట గడిచేసరికి చెయ్యి నొప్పి పుడుతుంది. 35 గ్రాములవి వేయండి, చిటికెన వేలి దగ్గరైనా సరే.

కీక్యాప్‌లు కూడా ముఖ్యం. వేలు రెండు వరసల మధ్య సందు మీద ఉంటుంది, పై కీ, కింది కీ ఒకే వేలితో ఒకేసారి దిగాలి. వరసకో వాలు ఉన్న క్యాప్‌లతో ఇది కుదరదు. డీఎస్‌ఏ లాంటివి, అన్ని వరసలూ ఒకే ఎత్తు ఉన్నవి తీసుకోండి.

సబ్‌టైటిల్_సుధ

అందరికీ చాలా థాంక్స్ అండీ. వయా తీసేశాక కంపైల్ అయింది, పేపర్ టేప్‌లో స్ట్రోకులు పడుతున్నాయి. తర్వాత వచ్చేవాళ్ల కోసం ఒక సంగతి: స్టెనో లేయర్‌లో ఖాళీగా ఉన్న కీలను ట్రాన్స్‌పరెంట్‌గా వదలొద్దు, నో-ఆప్ (ఏమీ పంపని కీ) పెట్టండి. లేదంటే వేలు పక్కకు తగిలినప్పుడు కింది లేయర్‌లోని అక్షరం వాక్యం మధ్యలో పడుతుంది.

ఇప్పుడు అసలు ఆశ. నాకు తెలుగు సబ్‌టైటిల్స్ పని కూడా వస్తుంది. ప్లోవర్‌తో వచ్చే లక్షకు పైగా ఎంట్రీల నిఘంటువు ఇంగ్లీషుదే. తెలుగుకు ఏం చేయొచ్చు?

గుణింతం

సుధ గారూ, ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూస్తున్నాను. బోర్డు, ఫర్మ్‌వేర్ ఏమీ మారక్కర్లేదు. పంపేది కీల సమాచారమే, దాన్ని ఏ భాషగా మార్చాలో నిర్ణయించేది ప్లోవర్ నిఘంటువు. అందులో యూనికోడ్ తెలుగు నేరుగా రాయొచ్చు. అక్షరాలు విడివిడిగా పడకుండా ప్రతి ఎంట్రీలో గ్లూ గుర్తు, అంటే బ్రేస్‌ల మధ్య యాంపర్సాండ్, పెడితే పక్కపక్క స్ట్రోకులు అతుక్కుంటాయి.

ఇంగ్లీషు లేఅవుట్‌లో కుడిచేతి నిండా మాట చివరి హల్లులు ఉన్నాయి. మన మాటలు చాలావరకు అచ్చుతోనో సున్నాతోనో ముగుస్తాయి. అంటే ఆ చెయ్యి మనకు దాదాపు ఖాళీ. అక్కడ విభక్తులు, బహువచనం పెట్టుకోవచ్చు: లో, కి, ను, తో, లు. ఒక కీ ద్విత్వానికి ఇవ్వొచ్చు, అమ్మ, అక్క లాంటి మాటలకు. బొటనవేళ్ల నాలుగు కీలతో 15 కలయికలు వస్తాయి. అ నుంచి ఔ దాకా, ఋతో కలిపి మన అచ్చులు 13. సరిపోయి రెండు మిగులుతాయి కూడా.

స్ప్లిట్_బోర్డ్

దీనికి తోడు, ప్లోవర్‌లో ప్రతి భాషకూ సొంత సిస్టమ్ ప్లగిన్ రాసుకునే వీలుంది. ఇటాలియన్, కొరియన్ వాళ్లు అలాగే చేసుకున్నారు. అందులో అక్షరక్రమ నియమాలు పెట్టొచ్చు. సున్నాతో ముగిసే మాటకు లు చేరితే సున్నా పోయి దీర్ఘం రావాలని రాస్తే పుస్తకం పుస్తకాలు అవుతుంది, దేశం దేశాలు అవుతుంది. ప్రతి బహువచనానికీ వేరే ఎంట్రీ అక్కర్లేదు.

ఒకటి పరీక్షించి చూసుకోండి. కొట్టినదాన్ని మార్చడానికి ప్లోవర్ బ్యాక్‌స్పేస్‌లు పంపుతుంది. మీ సబ్‌టైటిల్ ఎడిటర్ బ్యాక్‌స్పేస్‌కి ఒక్కో కోడ్‌పాయింట్ (యూనికోడ్‌లోని ఒక్కో గుర్తు) చెరిపితేనే లెక్క కుదురుతుంది. ఒత్తుతో సహా మొత్తం అక్షరాన్ని ఒకేసారి చెరిపేస్తే మాట చెడిపోతుంది.

సబ్‌టైటిల్_సుధ

అయితే విభక్తుల జాబితాతో మొదలుపెడతాను, ఫైల్ ఇక్కడే పెడతాను. ఎడమచేతికి త, ట తేడా ఎలా ఇద్దాం? థ, ఠ కూడా ఉన్నాయి.

గుణింతం

టీ ఒక్కటే అయితే త. దానికి హెచ్ చేరిస్తే ట. ద, డ లకూ ఇదే పద్ధతి: టీ-కే, టీ-కే-హెచ్. థ, ఠ, ధ, ఢ లాంటి మహాప్రాణాలకు స్టార్ కలపండి. స్టార్ ఒంటరిగా నొక్కితేనే అన్‌డూ, వేరే కీలతో కలిస్తే మన ఇష్టం. న, ల లకు మహాప్రాణ రూపాలు లేవు కాబట్టి అక్కడ స్టార్‌తో ణ, ళ వస్తాయి. ముందు ఇవి నాలుగు రోజులు కొట్టి చూడండి, చెయ్యి ఎక్కడ పట్టేస్తోందో చెబితే మారుద్దాం.