చైనా సంగీతం అంటే మన మోహనమేనా?

వేణుగానం: చైనా సంప్రదాయ సంగీతం అంటే మన మోహన రాగమే. స రి గ ప ద. మధ్యమం, నిషాదం లేని సంగీతం ఎంతసేపని వింటాం?

తంత్రి: చైనావాళ్ల ఐదు స్వరాల పేర్లు గోంగ్, షాంగ్, జ్యూయె, ఝీ, యూ. గోంగ్ స్వరాన్ని షడ్జమం చేసుకుంటేనే మోహనం. అవే ఐదు స్వరాల్లో షాంగ్ నుంచి మొదలుపెడితే మధ్యమావతి, జ్యూయె నుంచి హిందోళం, ఝీ నుంచి శుద్ధ సావేరి, యూ నుంచి ఉదయరవిచంద్రిక. షడ్జమాన్ని మార్చి అవే స్వరాల్లో వేరే రాగం చూపించే మన గ్రహభేదమే ఇది. ఇక మిగతా స్వరాలు తెలియక కాదు. 1978లో హుబే ప్రాంతంలో జెంగ్ ప్రభువు యీ సమాధి తవ్వితే 65 కంచు గంటలు బయటపడ్డాయి. క్రీ.పూ. 5వ శతాబ్దం నాటివి. ఒక్కో గంట కొట్టే చోటును బట్టి రెండు స్వరాలు పలుకుతుంది. వాటిలో పన్నెండు స్వరస్థానాలూ ఉన్నాయి.

వేణుగానం: రాజుగారి గంటలు సరే, జనం వాయించేదేమిటి? గూజెంగ్ అనే వాళ్ల తీగల వాద్యం వీడియోలు చాలా చూశా. ఐదే.

గోదారిగట్టు: నాకూ అలాగే వినిపిస్తుంది.

తంత్రి: గూజెంగ్ 21 తీగలనూ ఐదు స్వరాలకే శ్రుతి చేస్తారు, నిజమే. కుడిచేత్తో మీటి, గుర్రానికి (తీగను పైకెత్తి పట్టే చెక్క ముక్క) ఎడమవైపు తీగను నొక్కుతారు. గాంధారం తీగ నొక్కితే మధ్యమం, ధైవతం తీగ నొక్కితే నిషాదం. షాన్‌షీ ప్రాంతపు చిన్‌చియాంగ్ నాటకంలో దుఃఖ ఘట్టాలు నడిచేదే ఆ రెంటి మీద.

వేణుగానం: నొక్కితే వచ్చేది అలంకారం. స్వరం కాదు.

రాగలహరి: మరి వీణ మీద ఒకే మెట్టు దగ్గర తీగ లాగి పై స్వరం పలికిస్తాం కదండీ?

వేణుగానం: అది గమకం! దానికీ దీనికీ పోలికా?

తంత్రి: మనం లాగితే గమకం, వాళ్లు నొక్కితే అలంకారమా? మా అమ్మాయి సింగపూర్‌లో గూజెంగ్ నేర్చుకుంటోంది. ఇక్కడి తెలుగువాళ్ల సంక్రాంతి కార్యక్రమంలో వాయిస్తానంటే, "మన రాగం ఏదైనా ఉంటే చూద్దాం" అన్నారు. పిల్ల ఆ రాత్రి అన్నం తినలేదు.

వేణుగానం: పాపకి అలా చెప్పడం తప్పే. కానీ నా బాధా వినండి. నేనిక్కడ పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పుతాను. వర్ణాలదాకా వచ్చిన పిల్లల్ని మాన్పించి, "అందులో ఐదే స్వరాలు, తొందరగా స్టేజీ ఎక్కొచ్చు" అని వేరే క్లాసుల్లో వేస్తున్నారు. నా కోపం ఆ మాట మీద.

తంత్రి: ఆ మాట మీద నాకూ కోపమే. తొందరగా ఎక్కడొస్తుందండీ? నొక్కు వెంట్రుకవాసి ఎక్కువైతే మధ్యమం దాటిపోతుంది. మెట్లు ఉండవు, చెవే దిక్కు. ఐదే అని తీసిపారేస్తే, ఆ తల్లిదండ్రులకు ఆ మాట అందించింది మీరే అవుతారు.

వేణుగానం: పాప వాయించింది పెట్టండి, శ్రద్ధగా వింటాను. నొక్కింది స్వరమని మాత్రం ఒప్పుకోను.