పది గంటల డెమో మనకు మేలా, గాలమా?

కరీంనగర్_కన్సోల్:
మెటాఫర్: రీఫాంటాజియో అనే వీడియో గేమ్ డెమో (కొనేముందు ఆడి చూసే ఉచిత ముక్క) ఆడేసిన. మొదటి భాగమంతా ఉచితమే, ఆడినంతవరకు దాచుకున్న సేవ్ కూడా పూర్తి ఆటలోకి వస్తది. డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్‌కి 2019లో ఏకంగా పది గంటల డెమో ఇచ్చారు. ఆర్పీజీ (ఒక పాత్రగా మారి పెద్ద కథలో సాగే ఆట) అంటే అరవై, ఎనభై గంటల వ్యవహారం. అరగంట ముక్క చూస్తే ఏం తెలుస్తది? ప్రతి ఆర్పీజీకీ ఇట్లాంటి డెమో ఉండాల్సిందే.

నైట్‌షిఫ్ట్:
నేనొప్పుకోను. పూర్తి ఆటలోకి వచ్చే ఆ సేవ్ ఫైలే అసలు గాలం. గంటలకొద్దీ లెవెల్స్ పెంచి, ఆయుధాలు సర్దుకున్నాక ఆట అంతగా నచ్చకపోయినా వదలబుద్ధి కాదు, కొనేస్తాం. పైగా ఎవరైనా మొదలే బాగా చెక్కుతారు. ఫైనల్ ఫాంటసీ 16 డెమోలో హీరో క్లైవ్ కుర్రతనం, ఫీనిక్స్ గేట్ కోటలో ఆ రాత్రి, మంటల్లోంచి లేచే అగ్నిభూతం ఇఫ్రిట్... కళ్లు తిప్పుకోలేం. కొన్నాక చూస్తే ఊళ్లోవాళ్లకి సరుకులు మోసే పనులు. వాటి ఊసు డెమోలో ఉందా?

కరీంనగర్_కన్సోల్:
అది రెండు గంటల డెమో అన్నా! నేను మాట్లాడేది పొడుగు డెమోల గురించి. డ్రాగన్ క్వెస్ట్‌లో హెలియోడోర్ రాజ్యం చెరలో హీరోకి తోడుగా ఎరిక్ కలిసేదగ్గర్నుంచి ఊరూరా తిరగడం దాకా ఆట ఎంత నింపాదో తెలిసిపోతది. నచ్చనోడు అక్కడే ఆపేస్తడు. నిరుడు ఒక షాపులో డిస్క్ కొన్నా, నచ్చలేదు. సీల్ తీసినవ్, వాపస్ లేదన్నడు. నాలుగు వేలు ఆగం.

లంకకుర్రాడు:
రోజుకి రెండు జీబీ ప్యాక్‌తో హాట్‌స్పాట్ పెట్టుకునేవాడికి డెమో దించుకోవడమే పెద్ద పని. సైజు సంగతి ఎవరూ మాట్లాడరేం?

పాతసేవ్:
2018లో ఆక్టోపాత్ ట్రావెలర్ డెమోకి పెట్టిన మూడు గంటల గడువే నయం. ఎనిమిది మంది హీరోల్లో ఎవరితో మొదలెట్టాలో మనిష్టం.

కరీంనగర్_కన్సోల్:
గడువు పెడితే మాటలు చదవకుండా బటన్ నొక్కుకుంటూ పోతం. కథ ఆటలో కథే పాయె.

నైట్‌షిఫ్ట్:
డిస్క్ గొడవ షాపువాడితో తేల్చుకో, ఇక్కడికెందుకు? అసలు కొనే ఉద్దేశం లేనివాళ్లే డెమోల కోసం ఇంత పట్టుబడతారు.

కరీంనగర్_కన్సోల్:
మాట జారకండి. అవును, కొన్న ఆటలకన్నా ఆడిన డెమోలే ఎక్కువ. డిగ్రీ చదువుతున్నా. ఏడాదికి ఒక కొత్త ఆట కొంటే గొప్ప. ఆ ఒక్కటి చెడిపోతే మళ్లీ ఏడాది ఆగాలి. మీకు నాలుగు వేలు లెక్క కాదేమో.

నైట్‌షిఫ్ట్:
డబ్బు లెక్కే, కాదనను. కానీ నాకు అంతకన్నా టైమ్ కరువు తమ్ముడూ. వారమంతా డ్యూటీ, ఆదివారం పాప పడుకున్నాకే కంట్రోలర్ ముట్టుకునేది. నీ పది గంటలు నాకు నెల పైమాటే. అన్నాళ్లు ఆడాక నచ్చలేదని తేలితే డబ్బు మిగిలి ఏం లాభం? ఆట మధ్యలోంచి ఒక్క గంట ఇస్తే చాలు నాకు.

కరీంనగర్_కన్సోల్:
మధ్యలోంచి ఇస్తే కథ ముందే తెలిసిపోదా? అయినా మీరు తిట్టిన ఫైనల్ ఫాంటసీ 16 డెమోలోనే అది ఉంది. మొదటి భాగం అయ్యాక ఐకోనిక్ ఛాలెంజ్ అనే విడి భాగం తెరుచుకుంటది. క్లైవ్‌కి మరిన్ని శక్తులిచ్చి తర్వాతి పోరాటాలు ఆడిస్తరు.

నైట్‌షిఫ్ట్:
ఆడాను. అదీ పోరాటమే. ఆ సరుకులు మోసే పని ఒక్కటి చూపించమను, డబ్బు కట్టేముందు.