లాగ్‌ఫోర్‌జే 1.2.17 తీసి 2 పెట్టాక లాగ్ ఫైలే రావట్లేదు, కన్సోల్‌లో ఎర్రర్లు మాత్రమే

గోదారి_డెవ్:
పాత వార్ అప్లికేషన్ అండి. జావా 8, టామ్‌క్యాట్ 9, మేవెన్ బిల్డ్. సెక్యూరిటీ స్కాన్‌లో లాగ్‌లు రాసే లైబ్రరీ లాగ్‌ఫోర్‌జే 1.2.17 పట్టుబడింది, మార్చమంటున్నారు. పాత జార్ తీసేసి లాగ్‌ఫోర్‌జే-ఏపీఐ, లాగ్‌ఫోర్‌జే-కోర్, లాగ్‌ఫోర్‌జే-1.2-ఏపీఐ మూడూ 2.17.1 పెట్టాను. కోడ్ ముట్టుకోలేదు, బిల్డ్ బాగానే అవుతోంది. కానీ సర్వర్ లేచాక లాగ్ ఫైల్ తయారు కావట్లేదు. కన్సోల్‌లో ఎర్రర్ లెవెల్ వరుసలు వస్తున్నాయి గానీ ఇన్ఫో ఒక్కటీ లేదు. లాగ్‌ఫోర్‌జే.ప్రాపర్టీస్ ఫైల్ ఎప్పటిలాగే క్లాసెస్ ఫోల్డర్‌లో ఉంది. పైగా స్టార్టప్‌లో "ఎస్‌ఎల్‌ఎఫ్‌ఫోర్‌జే: నో ఎస్‌ఎల్‌ఎఫ్‌ఫోర్‌జే ప్రొవైడర్స్ వర్ ఫౌండ్" అంటోంది (ఎస్‌ఎల్‌ఎఫ్‌ఫోర్‌జే అంటే కోడ్‌కూ లాగింగ్ లైబ్రరీకీ మధ్య ఉండే పొర).

ఇంకో రెండు: అడ్మిన్ పేజీ నుంచి సెట్‌లెవెల్ పిలిచి లెవెల్ మారుస్తాం, అది పనిచేస్తుందా? ఇప్పుడు పాత లాగ్‌లను క్రాన్‌తో (టైమ్ ప్రకారం సర్వర్ నడిపే పని) చెరిపేస్తున్నాం. 30 రోజులు దాటినవి లైబ్రరీయే తీసేస్తుందా?

క్లాస్‌పాత్_కాపలా:
మొదటి రెండు లక్షణాలకూ కారణం ఒక్కటే. వెర్షన్ 2 ఆ పాత ఫైల్ వైపు చూడనే చూడదు. క్లాస్‌పాత్‌లో లాగ్‌ఫోర్‌జే2 అనే పేరుతో ప్రాపర్టీస్, యామల్, జేసన్, ఎక్స్‌ఎంఎల్ వరుసగా వెతుకుతుంది. ఏదీ దొరక్కపోతే సొంత డిఫాల్ట్‌తో నడుస్తుంది: కన్సోల్ ఒక్కటే, రూట్ (అన్నింటికీ పైనుండే లాగర్) లెవెల్ ఎర్రర్. మీకు కనిపిస్తున్నది సరిగ్గా అదే. పాత ఫైల్ పేరు మార్చి పెట్టినా లాభం లేదు, రెండింటి సింటాక్స్ వేరు.

అర్జెంటుగా నడవాలంటే సెట్‌ఎన్వ్.ఎస్‌హెచ్‌లోని కాటలినా_ఆప్ట్స్‌లో "-డీలాగ్‌ఫోర్‌జే1.కంపాటిబిలిటీ=ట్రూ" చేర్చండి, బ్రిడ్జి (పాత కోడ్‌ను వెర్షన్ 2కు కలిపే లాగ్‌ఫోర్‌జే-1.2-ఏపీఐ జార్) పాత ఫైల్‌నే చదువుతుంది. ఇది తాత్కాలికం మాత్రమే. మీరే రాసుకున్న అపెండర్లు (లాగ్‌ను ఫైల్‌కో కన్సోల్‌కో పంపే భాగాలు) ఉంటే దీన్ని అస్సలు నమ్ముకోవద్దు. కోడ్‌లో ఎక్కడైనా ప్రాపర్టీకాన్ఫిగరేటర్.కాన్ఫిగర్ పిలుపు ఉంటే తీసేయండి, బ్రిడ్జి దానికి హామీ ఇవ్వదు.

సెట్‌లెవెల్‌ది కూడా అదే సంగతి. కోర్‌లో ఉన్న కాన్ఫిగరేటర్.సెట్‌లెవెల్‌కు మార్చుకోండి, లాగర్ పేరు, లెవెల్ ఇస్తే చాలు. ఒక్క మెలిక: మానిటర్‌ఇంటర్వల్ 30 అని పెట్టారంటే 30 సెకన్లకోసారి ఫైల్ మారిందేమో చూస్తుంది. మారి ఉంటే కాన్ఫిగరేషన్ మొత్తం మళ్లీ లోడవుతుంది, పేజీ నుంచి మార్చిన లెవెల్ ఎగిరిపోతుంది. రెండూ ఉంచుకోకుండా ఏదో ఒకటి ఎంచుకోండి.

ఏ ఫైల్ దొరికిందో, ఏది దొరకలేదో తెలియాలంటే "-డీలాగ్‌ఫోర్‌జే2.డీబగ్=ట్రూ" పెట్టండి. ఎక్స్‌ఎంఎల్‌లోని స్టేటస్ ఆట్రిబ్యూట్ ఇక్కడ పనికిరాదు, అది చదవాలంటే ముందు ఫైల్ దొరకాలి కదా.

బ్యాకెండ్_బాబాయ్:
ఎస్‌ఎల్‌ఎఫ్‌ఫోర్‌జే మెసేజ్‌లోనే జవాబుంది. "ప్రొవైడర్స్" అన్నదంటే మీ దగ్గరున్నది 2.0 సిరీస్. దానికి లాగ్‌ఫోర్‌జే-ఎస్‌ఎల్‌ఎఫ్‌ఫోర్‌జే2-ఇంప్ల్ కావాలి. స్టాటిక్‌లాగర్‌బైండర్ దొరకలేదని ఏడిస్తే అది 1.7, దానికి పేరులో 2 లేని లాగ్‌ఫోర్‌జే-ఎస్‌ఎల్‌ఎఫ్‌ఫోర్‌జే-ఇంప్ల్. లాగ్‌ఫోర్‌జే-టు-ఎస్‌ఎల్‌ఎఫ్‌ఫోర్‌జే జార్ మాత్రం దీని పక్కన ఉండకూడదు, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ తిరుగుతాయి.

మేవెన్‌లో డిపెండెన్సీ:ట్రీ నడిపి ఎస్‌ఎల్‌ఎఫ్‌ఫోర్‌జే-లాగ్‌ఫోర్‌జే12 ఎక్కడుందో చూసి ఎక్స్‌క్లూడ్ చేయండి. పాత 1.2.17ను దొడ్డిదారిన మళ్లీ తెచ్చేది అదే. వెర్షన్లు ఒక్కొక్కటిగా రాయొద్దు, లాగ్‌ఫోర్‌జే-బామ్ ఇంపోర్ట్ చేస్తే అన్నీ ఒకే వెర్షన్‌లో ఉంటాయి. ఏపీఐ ఒకటి, కోర్ ఇంకొకటి అయితే నోసచ్‌మెథడ్‌ఎర్రర్ ఖాయం. 2021 డిసెంబర్‌లో బయటపడ్డ లాగ్‌ఫోర్‌షెల్ అనే భద్రతా లోపం, దాని వెంట వచ్చిన లోపాలు 2.17.1తో మూతపడ్డాయి. అయినా ఇప్పుడు మారుస్తూ అక్కడే ఆగడం దేనికి? 2.x తాజా రిలీజ్ తీసుకోండి. లాగ్‌ఫోర్‌జే-వెబ్ కూడా చేర్చండి, అప్లికేషన్ దించేటప్పుడు ఫైళ్లు, థ్రెడ్లు సరిగ్గా మూసేది అదే. టామ్‌క్యాట్ 10కి వెళ్తే దాని బదులు లాగ్‌ఫోర్‌జే-జకార్తా-వెబ్.

రోలోవర్_రాజా:
30 రోజుల సంగతి. రోలింగ్‌ఫైల్ అపెండర్ వాడండి, పాత ఫైల్ పక్కన పెట్టి కొత్తది మొదలుపెట్టడమే (రోలోవర్) దాని పని. ఫైల్‌నేమ్ యాప్.లాగ్, ఫైల్‌పాటర్న్ యాప్-%డీ-%ఐ.లాగ్.జీజెడ్ (%డీ తేదీ, %ఐ ఆ తేదీలో ఫైల్ వరుస నంబర్), తేదీ ఫార్మాట్ రోజు వరకే. గంట కూడా పెట్టారో, టైమ్‌బేస్డ్ పాలసీలో ఇంటర్వల్ 1 అంటే గంటకో ఫైల్ అయిపోతుంది. పాటర్న్‌లోని అతి చిన్న యూనిట్‌నే అది లెక్కలోకి తీసుకుంటుంది. దాని పక్కనే సైజ్‌బేస్డ్ పాలసీ, 100 ఎంబీ.

అందరూ బోల్తా పడేది డిఫాల్ట్‌రోలోవర్‌స్ట్రాటజీలోని మ్యాక్స్ దగ్గర. 30 అని రాసి, 30 రోజులు ఉంటాయనుకుంటారు. అది రోజుల లెక్క కాదు, %ఐ లెక్క. ఏమీ రాయకపోతే 7. అంటే ఒకే రోజు 100 ఎంబీ ఫైళ్లు ఏడు దాటితే ఆ రోజు పొద్దున్నవి పోతాయి, గొడవ మొదలైన గంట లాగ్ సహా. ఫైల్‌ఇండెక్స్‌ను నోమ్యాక్స్ చేస్తే ఆ బాధ ఉండదు.

పాతవి చెరపడానికి స్ట్రాటజీ లోపల డిలీట్ పెట్టాలి, 2.5 నుంచి ఉంది. బేస్‌పాత్ లాగ్ ఫోల్డర్, మ్యాక్స్‌డెప్త్ 1, ఇఫ్‌ఫైల్‌నేమ్ గ్లాబ్ యాప్-*.లాగ్.జీజెడ్, దాని లోపల ఇఫ్‌లాస్ట్‌మాడిఫైడ్ ఏజ్ 30డీ. నోమ్యాక్స్ పెట్టారు కాబట్టి డిస్క్ నిండకుండా, ఫైళ్ల మొత్తం 10 జీబీ దాటితే పాతవి తీసేసే ఇఫ్‌అక్యుములేటెడ్‌ఫైల్‌సైజ్ కూడా ఇవ్వండి. రెండింటినీ ఇఫ్‌ఎనీలో చుట్టాలి. చుట్టకపోతే రెండు షరతులూ ఒకేసారి నిజమైతే తప్ప ఒక్క ఫైలూ పోదు. మొదటిసారి టెస్ట్‌మోడ్ ట్రూ పెట్టి ఏవి పోతాయో చూసుకున్నాకే తీయండి.

డిలీట్ నడిచేది రోలోవర్ అయినప్పుడే. టైమ్ పాలసీ కూడా తర్వాతి లాగ్ వరుస వచ్చేదాకా కదలదు. వారానికోసారి నడిచే బ్యాచ్‌కైతే మీ క్రానే మేలు.

గోదారి_డెవ్:
ఎక్స్‌ఎంఎల్ రాశాక ఫైల్ వస్తోంది, ప్రొవైడర్ మెసేజ్ పోయింది. థాంక్స్ అండి. కానీ మా ప్యాకేజీ వరుసలు రెండేసి సార్లు పడుతున్నాయి. ఇవే క్లాసులతో ఒక బ్యాచ్ జార్ ఉంది, షేడ్ ప్లగిన్‌తో (జార్లన్నీ ఒకే జార్‌గా కలిపేది) కడతాం. అది నడిపితే "అన్‌రికగ్నైజ్డ్ ఫార్మాట్ స్పెసిఫయర్" అని వరసపెట్టి ఎర్రర్లు.

క్లాస్‌పాత్_కాపలా:
రెండుసార్లు పడటం అంటే మీ ప్యాకేజీ లాగర్‌కూ రూట్‌కూ ఒకే అపెండర్‌రెఫ్ ఇచ్చారు. లాగర్ మీద అడిటివిటీ (పై లాగర్ అపెండర్లకూ పంపడం) ఫాల్స్ పెట్టండి. లేదా ఆ రెఫ్ తీసేసి లెవెల్ మాత్రం ఉంచండి, నాకైతే ఇదే శుభ్రంగా అనిపిస్తుంది.

బ్యాకెండ్_బాబాయ్:
షేడ్ సంగతి వేరు. ఏ ప్యాటర్న్‌కు ఏ క్లాస్ అన్నది ప్రతి జార్‌లోనూ లాగ్‌ఫోర్‌జే2ప్లగిన్స్.డాట్ అనే ఫైల్‌లో ఉంటుంది. జార్లన్నీ ఒకటిగా కలిపితే ఒక జార్‌దే మిగిలి, మిగతావి పోతాయి. కోర్‌ది పోతే %డీ అంటే ఏమిటో కూడా తెలియని స్థితి. షేడ్ ప్లగిన్‌కు లాగ్‌ఫోర్‌జే2ప్లగిన్‌క్యాష్‌ఫైల్‌ట్రాన్స్‌ఫార్మర్ చేరిస్తే ఆ ఫైళ్లన్నీ కలుస్తాయి. లేదంటే కలపడం మానేసి, లిబ్ ఫోల్డర్‌లో జార్లు విడివిడిగా పెట్టి, మానిఫెస్ట్‌లో క్లాస్‌పాత్ ఇచ్చేయండి.